పన్నెండు గంటల పెళ్ళి... ఖర్చెవరిది?

మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకి పెళ్ళి! ఆశ్చర్యపోకండి. పెళ్ళికొడుకు తిరుమల శ్రీనివాసుడు, పెళ్ళిపెద్ద మా అత్తగారు. పదకొండున్నర అయ్యేసరికి ఆవిడ కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ గంటసేపూ వంటింట్లో కుక్కరు విజిల్ వెయ్యడానికి వీల్లేదు. "సంకల్పం చెప్తున్నారే అమ్మాయ్, ఆ కుక్కరు నోరు ముయ్యి!" అని హాల్లోంచి కేక. మాంగల్యధారణ దగ్గరికి వచ్చేసరికి నాలుగు అక్షింతలు టీవీ మీద పడాల్సిందే. సాయంత్రం ఆ బల్ల కింద ఊడ్చేది నేనే కనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఆవిడ చూసేది శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్. ఎస్వీబీసీ అంటే తెలియని తెలుగిల్లు ఉంటుందా? ఇన్నేళ్ళుగా మా హాల్లో అది మోగుతూనే ఉంది గానీ, ఈ ఛానల్ ఎవరిది, ఎవరు నడుపుతారు, డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది అని నేనేనాడూ అనుకోలేదు. కరెంటు స్విచ్చి వేస్తే లైటు వెలిగినట్టు, బటన్ నొక్కితే స్వామి కనిపిస్తాడు, అంతే! ఆలోచించేలా చేసింది మాత్రం ఒక కవచం.

2018లో జరిగిన సంగతి. మధ్యాహ్నం కళ్యాణం అయిపోయాక అత్తగారు ఛానల్ మార్చి, ఇంకో భక్తి ఛానల్ పెట్టుకున్నారు. అందులో పట్టుచీర కట్టుకున్న అమ్మాయి, పక్కన కాషాయం కట్టుకున్న ఒక పెద్దాయన. వెనకాల దేవుడి పటం, దీపాలు, గంటల చప్పుడు. ఏదో ప్రవచనం అనుకుంటాం కదా? కాదు, అరగంట సేపు ఒక కవచం గురించి. అది మెళ్ళో వేసుకుంటే మోకాళ్ళ నెప్పులు పోతాయి, ఇంట్లో పిల్లలకి ఉద్యోగాలు వస్తాయి, అప్పులు తీరతాయి. ఇంకా ఇరవై కవచాలే మిగిలాయి, వెంటనే ఫోన్ చెయ్యండి అని కింద నంబరు పరుగెడుతూ ఉంటుంది. అత్తగారికి మోకాళ్ళ నెప్పులు. మా పెద్దాడికి అప్పటికింకా ఉద్యోగం లేదు. ఇంకేం కావాలి?

నాకు చెప్పకుండా, పక్కింటి పిల్లాడి చేత ఫోన్ చేయించారు. వారం తిరక్కుండా కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు. మూడున్నర వేలు! ఆవిడ పెన్షన్‌లోంచి నెలనెలా కాస్త మిగిల్చి, మినప్పప్పు డబ్బాలో దాచుకున్న డబ్బు. డబ్బాలో చెయ్యి పెడుతుంటే నేను చూశాను గానీ, పెద్దావిణ్ణి ఏమని అడ్డుకోను? ఆ కవచం చూస్తే చేతిలో ఇమిడేంత రేకుముక్క, దానికో గొలుసు. నెల తిరక్కుండానే మెడ దగ్గర నల్లటి మచ్చ పడింది. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచెయ్యదు. నెప్పులు నెప్పుల్లాగే ఉన్నాయి.

మావారు కోప్పడ్డారు. అత్తగారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. డబ్బు పోయినందుకు కాదు. మూడో రోజు నా దగ్గరకొచ్చి, చిన్నపిల్లలా, "దేవుడి టీవీలో అబద్ధం చెప్తారటే?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ లెక్కలో రెండూ దేవుడి టీవీలే. రెండింట్లోనూ అదే గంట, అదే మంత్రం, అదే పసుపు రంగు. కానీ రెండూ ఒకటి కాదని నాకు మా మేనల్లుడు చెప్పేదాకా తెలియదు. వాడు కేబుల్ ఆఫీసులో పనిచేస్తాడు.

దేవుడి టీవీ ఎవరిది?

"అత్తా, ముందు ఓనరెవరో చూడాలి" అన్నాడు వాడు. అద్దె ఇల్లు చూడబోయినప్పుడు ఇల్లెవరిది అని అడుగుతాం. పాలు పోసేవాడి గేదె ఎక్కడిదో కూడా ఆరా తీస్తాం. టీవీని మాత్రం అడగం!

ఎస్వీబీసీ తిరుమల తిరుపతి దేవస్థానానిది. 2008 జూలై 7న అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ తిరుపతిలో దీన్ని ప్రారంభించారు. ఉత్తరాన హిందీలో ఎన్ని భక్తి ఛానళ్ళున్నా, ఒక గుడి తనకంటూ ఇరవై నాలుగ్గంటల ఛానల్ పెట్టుకోవడం అరుదైన సంగతే. తర్వాత 2017లో తమిళంలో, 2021 బ్రహ్మోత్సవాలప్పుడు కన్నడంలో, హిందీలో కూడా ఛానళ్ళు వచ్చాయి.

ఇక్కడొక తిరకాసు ఉంది. ఉపగ్రహం ద్వారా ఛానల్ నడపాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ అనుమతి కావాలి. అప్పటి నిబంధనల ప్రకారం ఆ అనుమతి కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీకే ఇస్తారు. గుడి కంపెనీ కాదు కదా! అందుకని దేవస్థానం ఒక కంపెనీ పెట్టింది. దానికి ఛైర్మన్, డైరెక్టర్లు, ముఖ్య కార్యనిర్వహణాధికారి, అన్నీ మామూలు కంపెనీల్లాగే. 'అన్నమయ్య' సినిమా తీసిన దర్శకుడు కె. రాఘవేంద్రరావుగారు కూడా కొంతకాలం, 2019 దాకా, దానికి ఛైర్మన్‌గా ఉన్నారు. పేరుకి కంపెనీ, సొంతదారు మాత్రం దేవస్థానం. ఆ దేవస్థానం పాలకమండలిని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. ప్రభుత్వం మారితే మండలి మారుతుంది, మండలి మారితే ఛానల్ పెద్దలూ మారతారు. మా అత్తగారికి ఇది చెబితే, "పెళ్ళికొడుకు మారడుగా, చాలు!" అని తేల్చేశారు.

ఇక ప్రైవేటు భక్తి ఛానళ్ళ సంగతి. అవి వ్యాపారస్తుల కంపెనీలు. అందులో తప్పేం లేదు, కొన్నింటిలో మంచి ప్రవచనాలు వస్తాయి, నేనూ వింటాను. కానీ కెమెరాలకీ, ఉపగ్రహం అద్దెకీ, జీతాలకీ, ఛానల్‌ని మన ఇంటిదాకా తెచ్చే కేబుల్ వాళ్ళకీ డబ్బు కావాలి. అది ప్రకటనల్లోంచి రావాలి, లేదా టైము అమ్ముకోవాలి. అరగంట, గంట చొప్పున స్లాట్లు అమ్ముతారు. జ్యోతిష్కుడు కొనుక్కోవచ్చు, ప్రవచనకారుడు కొనుక్కోవచ్చు, కవచాలవాడూ కొనుక్కోవచ్చు. డబ్బిచ్చినవాడు తెర మీదికొస్తాడు. మా ఎదురింటి మేరీ అక్క చెప్పింది, వాళ్ళ క్రైస్తవ ఛానళ్ళలో కూడా పాస్టర్లు అలాగే టైము కొనుక్కుంటారట. నూనె సీసాలు, విరాళాల నంబర్లు అక్కడా ఉన్నాయట. "మీకు కవచం, మాకు నూనె!" అని నవ్వింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు గానీ, ఇప్పుడు తల్చుకుంటే వస్తుంది.

ఎస్వీబీసీలో కూడా మొదట్లో ప్రకటనలు వచ్చేవి. 2020లో దేవస్థానం వాటిని మానేయాలని నిర్ణయించింది. ఇక ఖర్చంతా దేవస్థానం ఇచ్చే డబ్బూ, భక్తుల విరాళాలూ. అంటే ఏమిటన్నమాట? హుండీకి ఏడాదికి వెయ్యి కోట్లు దాటి వస్తున్న రోజులివి. కొండమీద మనం ముడుపు కట్టి వేసిన నూట పదహార్లలో ఒక పైసానో, అరపైసానో తిరిగి మన హాల్లోకే కళ్యాణమై వస్తోందన్నమాట! ఈ మాట చెప్పాక అత్తగారు టీవీకేసి చూసే చూపే మారిపోయింది. "అయితే ఇది మన టీవీనేగా" అన్నారు గర్వంగా.

పాటకీ దేవుడి డబ్బుకీ ఉన్న లంకె కొత్తదేం కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. దాని మీద వచ్చే రాయల్టీని ఆవిడ దేవస్థానం వేదపాఠశాలకి ఇచ్చేశారు. మన అమ్మమ్మలు రేడియోలో విన్న ఆ పాట ఎంతమంది వేదం చదువుకునే పిల్లలకి అన్నం పెట్టిందో!

గుడికి టీవీ ఉండొచ్చా?

ఇంత బాగుందంటున్నాను గానీ, దీనికి అడ్డు చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఛానల్ మొదలైన నాలుగు నెలలకే, 2008 నవంబరులో, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కేంద్రానికి ఒక సిఫార్సు చేసింది. రాజకీయ పార్టీలు, ప్రభుత్వాలతో పాటు మత సంస్థలు కూడా సొంతంగా టీవీ ఛానళ్ళు పెట్టకూడదని! 2012లో మళ్ళీ అదే మాట, 2014లో మళ్ళీ అదే మాట. మతం పేరుతో ఒకళ్ళ మీద ఒకళ్ళు బురద చల్లుకుంటే ఎలాగని వాళ్ళ భయం. మతసంస్థలు కావాలంటే ఇతరుల ఛానళ్ళలో కార్యక్రమాలు వేసుకోవచ్చు, ఛానల్ మాత్రం వాళ్ళ చేతిలో ఉండకూడదన్నారు. ఆ సిఫార్సు అమలు కాలేదు, ఎస్వీబీసీ నడుస్తూనే ఉంది.

నేను ఇంటర్ చదివినదాన్ని, చట్టాల గురించి పెద్దగా మాట్లాడలేను. కానీ నాకు తోచింది చెప్తాను. గుడి చేతిలో ఛానల్ వద్దంటే, ఆ గుడి ఉత్సవం ఎవరో ఒక వ్యాపారి ఛానల్లో వస్తుంది. గరుడ సేవ మధ్యలో సరిగ్గా స్వామి వాహన మండపం దాటే సమయానికి బ్రేక్ వస్తుంది. ఆ బ్రేక్‌లో ఏమొస్తుందో నా దగ్గర ఒక నల్లటి రేకుముక్క సాక్ష్యంగా ఉంది. అలాగని గుడి చేతిలో ఉంటే అన్నీ సవ్యంగా ఉంటాయనీ కాదు. నడిపించేది మనుషులే. భక్తుల డబ్బుతో నడిచే ఛానల్ ఏ కార్యక్రమానికి ఎంత పెట్టింది, ఎవరికి పని ఇచ్చింది అన్న లెక్క మనలాంటివాళ్ళకి అర్థమయ్యే భాషలో ఏడాదికోసారి అదే ఛానల్లో ఒక గంట చెబితే ఎంత బాగుంటుంది! పెళ్ళి ఖర్చు లెక్క పెళ్ళివారికి చెప్పొద్దూ?

తలుపులు మూసిన ఏడాది

ఈ ఛానల్ విలువ మా వీధికంతటికీ తెలిసింది మాత్రం 2020లోనే. కరోనా వల్ల మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనం ఆపేశారు. పూజలు ఆగలేదు, అర్చకులు ఏకాంతంగా చేశారు. జూన్ రెండో వారం దాకా కొండ మీద మామూలు భక్తుడు లేడు! మా అత్తగారి వయసులో అలాంటిది ఎప్పుడూ చూడలేదు. మాకు ఏప్రిల్లో దర్శనం టిక్కెట్లున్నాయి, పోయాయి. ఆవిడ బెంగపెట్టుకుంటారనుకుంటే, పన్నెండు అయ్యేసరికి మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ జూన్‌లో మొదలైన సుందరకాండ పారాయణం ఏడాదికి పైగా సాగింది. అటు నాదనీరాజనం వేదిక మీద పండితులు, ఇటు మా హాల్లో అత్తగారు పుస్తకం పట్టుకుని. ఒక్కోసారి శ్లోకంలో వెనకబడి, "ఆగండి నాయనా, అందుకోనివ్వండి" అని టీవీతోనే మాట్లాడేవారు.

ఆగస్టులో దేవస్థానం ఇంట్లోంచే కళ్యాణం చేయించుకునే టిక్కెట్లు పెట్టింది. దంపతులు సంప్రదాయ దుస్తుల్లో టీవీ ముందు కూర్చుని, అర్చకస్వామి సంకల్పం చెప్పేటప్పుడు తమ గోత్రనామాలు చెప్పుకోవాలి. ఉత్తరీయం, రవికెగుడ్డ, అక్షింతలు పోస్టులో వస్తాయి. మేమూ చేయించుకున్నాం. మావారు పంచె కట్టుకుని టీవీ ముందు పీట మీద కూర్చుంటే పిల్లలు ఒకటే నవ్వు. గోత్రం చెప్పే సమయానికి కరెంటు పోయింది! అత్తగారు మాత్రం తొణక్కుండా, "అక్కడ జరుగుతూనే ఉంటుంది, నువ్వు చెప్పు" అన్నారు. చీకట్లోనే చెప్పుకున్నాం. ఆ ఏడు అధికమాసం వల్ల బ్రహ్మోత్సవాలు రెండుసార్లు వచ్చాయి, రెండూ గుడి లోపలే ఏకాంతంగా జరిగాయి. మాడవీధులు ఖాళీ. చూసినవాళ్ళంతా టీవీలోనే చూశారు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు కళ్యాణం కోసం రాత్రి ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని లేచేది.

ఇన్ని కెమెరాలున్నా ఒక్కచోటికి మాత్రం అవి వెళ్ళవు. గర్భాలయంలో మూలవిరాట్టుని ఏ టీవీ చూపించదు, దేవస్థానం సొంత టీవీ కూడా చూపించదు. మనం చూసేది ఉత్సవమూర్తి మలయప్పస్వామినీ, శ్రీదేవి భూదేవులనీ. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. కెమెరా చేతిలో ఉండీ గుమ్మం బయట ఆగిపోవడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. మా చిన్నాడు అడిగితే అత్తగారన్నారు, "ఆయన్ని చూడాలంటే కొండెక్కాలిరా, కూర్చున్నచోటికి అన్నీ రావు" అని.

మరి కవచం సంగతో? మేనల్లుడే చెప్పాడు, మనకి చట్టాలు లేక కాదట. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం, అమ్మే వస్తువుకి మహిమలున్నాయని జనం అనుకునేలా ప్రకటన ఇవ్వకూడదు. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వెయ్యకూడదు. (మా అత్తగారి కవచం ప్రకటన ఒక్కటే అరగంట!) 1954లోనే చేసిన ఇంకో చట్టం ఉంది. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు తగ్గుతాయని ప్రచారం చెయ్యడం నేరమని. అందులో 'కవచం' అన్న మాట కూడా అలాగే ఉందట! 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి, టీవీల్లో ఇలాంటి యంత్రాలకి మహిమలున్నాయని చెప్పి అమ్మే ప్రకటనలు చట్టవిరుద్ధమని తీర్పు కూడా ఇచ్చింది. ఇవన్నీ మాకు ఆలస్యంగా తెలిశాయి. అప్పటికే కొరియర్ కవరు, బిల్లు చెత్తలో పారేశాం. అందుకే చెప్తున్నాను, టీవీ చూసి ఏది కొన్నా ఆ కవరు మాత్రం పారెయ్యకండి. పంపినవాడి పేరూ చిరునామా ఉండేది దాని మీదే. టీవీలో ప్రకటన వచ్చేటప్పుడు ఛానల్ గుర్తు కనపడేలా సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఛానల్ మీద ఫిర్యాదైతే కలెక్టరుగారికి కూడా రాసుకోవచ్చు.

ఇంకో సంగతి. 2019లో కేబుల్ రేట్ల పద్ధతి మారినప్పుడు, మా ప్యాకేజీలోంచి ఎస్వీబీసీ మాయమైపోయింది. ఇంట్లో ఎంత గొడవ జరిగిందో చెప్పలేను! అడిగితే, "దానికి వేరే డబ్బు కట్టాలండీ" అన్నాడు మా ఆపరేటరు. మేనల్లుడి పుణ్యమా అని అసలు సంగతి తెలిసింది. ఎస్వీబీసీ ఉచిత ఛానల్, దానికి విడిగా ధర లేదు. ఆ మాట గట్టిగా చెబితే సాయంత్రానికల్లా పెట్టాడు. మీ ఇంట్లో రాకపోతే మీరూ అడగండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం పన్నెండింటికి కళ్యాణం లేదేమిటని కేబుల్ వాళ్ళ మీద పడకండి, మా అత్తగారు ఒకసారి పడ్డారు! ఆ తొమ్మిది రోజులూ కొండ మీద ఆర్జిత సేవలు ఉండవు.

మొన్న పక్కింటి పిన్నిగారు హడావిడిగా వచ్చారు. ఏదో ఛానల్లో లక్ష్మీ యంత్రం చూశారట, ఫోన్ చేసి పెట్టమంటారు. నేను నోరు తెరిచేలోపే అత్తగారు లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికెళ్ళి, బీరువా సొరుగులోంచి ఆ నల్లటి రేకు తీసుకొచ్చి పిన్నిగారి చేతిలో పెట్టారు.

"ముందు దీన్ని చింతపండేసి తోమి చూడు వదినా. మెరిస్తే అప్పుడు ఫోన్ చేద్దాం."